రెండు ఖరీదైన హెడ్‌ఫోన్లను చెవితో పోల్చడం ఎలా? హెచ్‌డీ 800 ఎస్, ఎల్‌సీడీ-ఎక్స్ ఉదాహరణగా

లక్ష రూపాయలకు అటూ ఇటూ పెట్టి హెడ్‌ఫోన్ కొనాలనుకునేవాళ్లు ముందు అడిగేది ఒకటే: "ఈ రెండింట్లో ఏది బాగుంటుంది?" వచ్చే జవాబులు చాలావరకు హెడ్‌ఫోన్ గురించి కావు. ఒకటి కాస్త గట్టిగా మోగి ఉంటుంది. ఒకటి చెవి మీద సరిగ్గా కూర్చుని ఉండదు. ఒకదానికి యాంప్ (హెడ్‌ఫోన్‌ని నడిపే యాంప్లిఫయర్) కుదిరింది, రెండోదానికి కుదరలేదు. ఇవన్నీ ఒక్కొక్కటిగా తీసేశాక మిగిలేదే రెండు హెడ్‌ఫోన్ల మధ్య అసలు తేడా. అది మనం అనుకున్నంత పెద్దదిగా ఉండదు, కానీ కచ్చితంగా ఉంటుంది.

ఉదాహరణకి రెండు మోడళ్లు తీసుకుందాం: సెన్‌హైజర్ హెచ్‌డీ 800 ఎస్, ఆడిసీ ఎల్‌సీడీ-ఎక్స్. రెండూ ఓపెన్-బ్యాక్ (కప్పుల వెనక భాగం తెరిచి ఉండేవి), రెండూ స్టూడియోల్లోనూ ఇళ్లల్లోనూ కనిపించేవే, కానీ తయారీలో పొంతనే లేదు. హెచ్‌డీ 800 2009లో వచ్చింది. దానిలో 6 వేల హెర్ట్జ్ దగ్గర చెవికి గుచ్చుకునే శిఖరం ఉందని చాలామంది అన్నారు. దాన్ని అణచడానికి లోపల ఒక అబ్జార్బర్ పెట్టి 2016లో అమ్మకానికి తెచ్చిందే హెచ్‌డీ 800 ఎస్. 56 మిల్లీమీటర్ల ఉంగరం ఆకారపు డైనమిక్ డ్రైవర్ (శబ్దం పుట్టించే భాగం), 300 ఓమ్స్ ఇంపెడెన్స్ (కరెంటుకి హెడ్‌ఫోన్ పెట్టే అడ్డు), 330 గ్రాములు. ఎల్‌సీడీ-ఎక్స్‌ది ప్లేనార్ మాగ్నెటిక్ డ్రైవర్: 106 మిల్లీమీటర్ల పల్చటి పొర, దాని మీద కరెంటు పారే గీతలు, పక్కనే అయస్కాంతాలు. 20 ఓమ్స్, 612 గ్రాములు. మీ దగ్గరున్న జంట వేరే అయినా పద్ధతి ఇదే, అంకెలు మాత్రం మారతాయి.

మొదటి మెట్టు: చేతిలో ఉన్నది ఏమిటో చూసుకోండి

ఎల్‌సీడీ-ఎక్స్ ట్యూనింగ్‌ను కంపెనీ 2021లో మార్చింది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత పీసు, కొత్త పీసు ఒకలా వినిపించవు. ఇయర్‌ప్యాడ్లు కూడా చూడండి. లోపలి స్పాంజ్ అణిగిపోతే చెవికీ డ్రైవర్‌కీ మధ్య దూరం తగ్గి బాస్ (కింది స్వరాలు), ట్రెబుల్ (పై స్వరాలు) రెండూ మారిపోతాయి. ఒకదానికి కొత్త ప్యాడ్లు, ఇంకోదానికి ఏళ్ల నాటి ప్యాడ్లు ఉంటే మీరు పోల్చేది ప్యాడ్లనే. థర్డ్ పార్టీ ప్యాడ్లుంటే తీసేసి కంపెనీవి పెట్టండి.

ఎడమ, కుడి సమానంగా ఉన్నాయో లేదో చూడ్డానికి మోనోలో ఉన్న పాత సినిమా పాట చాలు. 1960ల నాటిది ఏదైనా పెట్టండి. గొంతు సరిగ్గా నెత్తి మధ్యలో వినపడాలి. ఒక పక్కకి వాలితే హెడ్‌ఫోన్‌ను తిప్పి, ఎడమ కప్పు కుడి చెవికి వచ్చేలా పెట్టుకోండి. వాలు కూడా పక్క మారితే లోపం హెడ్‌ఫోన్‌లోనో యాంప్‌లోనో ఉంది. మారకుండా అదే చెవి వైపు ఉంటే తేడా మీ చెవిదే. వయసు పైబడ్డ చాలామందికి రెండు చెవులూ సమానంగా ఉండవు, కంగారు పడక్కర్లేదు.

రెండో మెట్టు: గది

ఓపెన్-బ్యాక్ అంటే బయటి చప్పుడు అంతా లోపలికి వస్తుంది. సీలింగ్ ఫ్యాన్ గాలి చప్పుడు చిన్న వివరాలన్నిటినీ మింగేస్తుంది. ఫ్యాన్ ఆపాలి, ఏసీ ఆపాలి. ఎండాకాలంలో మన ఊళ్లలో ఇది శిక్షే కాబట్టి తెల్లవారుజామున పెట్టుకోండి. పాలవాళ్లు, కుక్కర్ విజిళ్లు మొదలయ్యేలోపు గంటన్నర దొరికితే చాలు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తుంటే ఆగిపోండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల రొద యాంప్‌లోకి దూరే అవకాశం ఉంది, సెన్సిటివిటీ ఎక్కువైన (తక్కువ సిగ్నల్‌కే గట్టిగా మోగే) ఎల్‌సీడీ-ఎక్స్‌లో అది ముందుగా బయటపడుతుంది. అప్పుడు హెడ్‌ఫోన్‌దే తప్పనుకుంటారు.

మూడో మెట్టు: సోర్స్, యాంప్

రెండింటికీ ఒకే ఫైలు, ఒకే డాక్ (డిజిటల్ ఫైలుని యాంప్‌కి పంపే సిగ్నల్‌గా మార్చే పరికరం), ఒకే యాంప్. ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఈక్వలైజర్ (కింది, మధ్య, పై స్వరాల్ని విడివిడిగా పెంచి తగ్గించేది), స్పేషియల్ ఆడియో, డాల్బీ అట్మాస్, విండోస్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ ఆఫ్ చేయండి. సీడీ నాణ్యత ఉన్న ఫైలు చాలు, హై-రెస్ కోసం వెతకొద్దు. హెచ్‌డీ 800 ఎస్ స్పెసిఫికేషన్లలో 51,000 హెర్ట్జ్ అని రాసి ఉంటుంది. ఆ పై అంతస్తు మీ పెంపుడు కుక్కకు కూడా పూర్తిగా వినపడదు.

యాంప్ విషయంలో రెండు లెక్కలు తెలియాలి. హెచ్‌డీ 800 ఎస్ 1 వోల్టుకి 102 డెసిబెల్స్ ఇస్తుంది. ఎల్‌సీడీ-ఎక్స్ 1 మిల్లీవాట్‌కి 103 ఇస్తుంది. కొలమానాలు వేరు కాబట్టి పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకటే అనిపిస్తుంది. కానీ 20 ఓమ్స్‌లోకి 1 వోల్టు వెళ్తే అది 50 మిల్లీవాట్లు, అంటే ఎల్‌సీడీ-ఎక్స్ దాదాపు 120 డెసిబెల్స్ ఇస్తుంది. వాల్యూమ్ నాబ్ ఒకే చోట ఉంటే ఇది హెచ్‌డీ 800 ఎస్ కంటే సుమారు 18 డెసిబెల్స్ గట్టిగా మోగుతుందన్నమాట. పాటలో 110 డెసిబెల్స్ తాకే శిఖరానికి హెచ్‌డీ 800 ఎస్ కోరేది రెండున్నర వోల్టులు. ఎల్‌సీడీ-ఎక్స్‌కి వోల్టులో మూడో వంతు సరిపోతుంది, అయితే కరెంటు రెట్టింపు దాకా లాగుతుంది. మామూలు డెస్క్‌టాప్ యాంప్ ఏదైనా రెండింటినీ మోస్తుంది. "ఇంత ఖరీదైనదానికి అంత ఖరీదైన యాంప్ ఉండాల్సిందే" అనే మాటను ఈ అంకెల ముందు పెట్టి చూడండి.

రెండో లెక్క అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే యాంప్ సాకెట్ తన వైపు నుంచి కరెంటుకి పెట్టే అడ్డు. యాంప్‌ది హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకి మించకూడదని ఒక వాడుక సూత్రం. ఎల్‌సీడీ-ఎక్స్‌కి అది 2.5 ఓమ్స్. హెచ్‌డీ 800 ఎస్ సంగతి వేరు. పేరుకి 300 ఓమ్స్ అయినా 100 హెర్ట్జ్ చుట్టుపక్కల అది 600 దాటుతుంది. పాత ఇంటిగ్రేటెడ్ యాంప్ సాకెట్ లాంటి 120 ఓమ్స్ అవుట్‌పుట్‌కి తగిలిస్తే ఆ ప్రాంతంలో బాస్ ఒక డెసిబెల్‌కి పైగా పొంగుతుంది. ట్యూబ్ యాంప్‌లో హెచ్‌డీ 800 ఎస్ "వెచ్చగా" వినపడిందని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు, కానీ అది హెడ్‌ఫోన్ గుణం కాదు. పోలికకి అవుట్‌పుట్ ఇంపెడెన్స్ 1 ఓమ్ లోపు ఉన్న సాలిడ్ స్టేట్ (ట్యూబులు లేని) యాంప్ తీసుకోండి. రెండింటినీ ఒకేరకం సాకెట్‌కి పెట్టండి. చాలా యాంప్‌లలో బాలెన్స్‌డ్ అవుట్‌పుట్ (ఎడమ, కుడిలకి వేర్వేరు తీగల జతలుండే సాకెట్) మామూలుదానికంటే 6 డెసిబెల్స్ ఎక్కువ.

నాలుగో మెట్టు: వాల్యూమ్ సమానం చేయడం

ఇది ఒక్కటీ సరిగ్గా చేస్తే సగం పని అయిపోయినట్టే. ఇది చేయకపోతే మిగతావన్నీ దండగ.

ఒక డెసిబెల్ తేడా ఉంటే "ఇది గట్టిగా ఉంది" అని మనకి తెలియదు. "ఇది స్పష్టంగా ఉంది, దీంట్లో బాస్ బాగుంది, గొంతులో ప్రాణం ఉంది" అనిపిస్తుంది. మెదడు శబ్దం పెరిగిందని చెప్పకుండా నాణ్యత పెరిగిందని చెబుతుంది. దానికి తోడు, శబ్దం పెరిగేకొద్దీ మన చెవి బాస్‌ని, పై స్థాయుల్ని ఇంకా బాగా పట్టుకుంటుంది. ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీని గ్రాఫులు గీశారు. అందుకే షాపులో ముందు "ఆహా" అనిపించుకునేది చాలాసార్లు సెన్సిటివిటీ ఎక్కువున్న హెడ్‌ఫోనే.

పద్ధతి ఇలా. కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిచి ముప్పై సెకన్ల పింక్ నాయిస్ (కింది నుంచి పైదాకా అన్ని స్వరాలూ కలిసిన రొద) తయారు చేయండి. దానికి 500 హెర్ట్జ్ హై-పాస్, 2,000 హెర్ట్జ్ లో-పాస్ ఫిల్టర్లు వేసి సేవ్ చేయండి. వినడానికి సన్నటి జల్లు వాన చప్పుడులా ఉంటుంది. మొత్తం పింక్ నాయిస్‌తో కొలిస్తే ఎల్‌సీడీ-ఎక్స్ బాస్, హెచ్‌డీ 800 ఎస్ ట్రెబుల్ మీటర్‌ని చెరో వైపు లాగుతాయి. 1,000 హెర్ట్జ్ ఒక్క స్వరంతో కొలిస్తే సరిగ్గా అక్కడే ఏదో ఒకదానికి చిన్న గుంట ఉండొచ్చు. మధ్య ముక్క తీసుకోవడం అందుకే.

ఇప్పుడు ఇయర్‌ప్యాడ్ కంటే వెడల్పైన గట్టి అట్ట తీసుకుని, మధ్యలో సౌండ్ లెవెల్ మీటర్ మైకు బిగుతుగా దూరేంత రంధ్రం చేయండి. మైకు కొన అట్టతో సమంగా ఉండాలి, బయటికి పొడుచుకు రాకూడదు. కప్పును అట్ట మీద బోర్లించి, అంచుల్లో సందు లేకుండా చూసి, పైన చిన్న పుస్తకం బరువు పెట్టండి. నాయిస్ ప్లే చేసి 75 డెసిబెల్స్ వచ్చేదాకా నాబ్ తిప్పండి. ఆ స్థానం రాసుకోండి. రెండో హెడ్‌ఫోన్‌కీ అంతే. ఒక్కో కప్పును రెండు మూడుసార్లు ఎత్తి పెట్టి కొలవండి. ప్రతిసారీ అంకె మారుతుంటే అట్ట దగ్గర సందు ఉన్నట్టే. తేడాని అర డెసిబెల్ లోపుకి తెస్తే ఇంటి పోలికకి సరిపోతుంది.

మీటర్ లేకపోతే ఫోన్ యాప్ కూడా పనికొస్తుంది, ఎందుకంటే మనకి కావాల్సింది అసలు అంకె కాదు, రెండింటి మధ్య తేడా మాత్రమే. కాకపోతే కొన్ని ఫోన్లు మైకు స్థాయిని వాటంతట అవే సర్దేస్తాయి. యాంప్ నాబ్‌ని కొంచెం పెంచినప్పుడు యాప్‌లో అంకె కూడా పెరుగుతోందో లేదో ముందే చూసుకోండి.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఎల్‌సీడీ-ఎక్స్‌కి నాబ్ చాలా కింద ఆగిపోతుంది. చాలా అనలాగ్ నాబ్‌లు అడుగున ఎడమ, కుడి సమానంగా పలకవు, గొంతు ఒక పక్కకి జరుగుతుంది. యాంప్‌ని లో గెయిన్‌లో (శబ్దాన్ని తక్కువగా పెంచే స్విచ్ స్థానంలో) పెట్టండి, లేదా ప్లేయర్‌లోనే 10, 15 డెసిబెల్స్ తగ్గించి నాబ్‌ని పైకి తెచ్చుకోండి. రెండోది చెవికి సంబంధించింది. హెచ్‌డీ 800 ఎస్‌కి పెట్టిన వాల్యూమ్‌లోనే ఎల్‌సీడీ-ఎక్స్ తగిలిస్తే 18 డెసిబెల్స్ అదనంగా చెవిలో పేలుతుంది. మార్చే ప్రతిసారీ ముందు నాబ్ సున్నాకి, తర్వాత జాక్, తర్వాతే తలకి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ అనే హద్దు పెట్టింది. 75 దగ్గర వింటే ఆ గొడవ ఉండదు.

ఐదో మెట్టు: తల మీద కూర్చోబెట్టడం

కళ్లజోడు తీసేయండి. బుట్టకమ్మలు, జూకాలు ఉంటే అవి కూడా. కళ్లజోడు కాడ దగ్గర ప్యాడ్ లేచిపోతే ఎల్‌సీడీ-ఎక్స్ లోతైన బాస్ అక్కడే కారిపోతుంది. పరీక్ష సులువు: బాస్ ఎక్కువున్న పాట నడుస్తుండగా రెండు కప్పులనీ అరచేతులతో కొద్దిగా నొక్కండి. బాస్ పెరిగితే సీల్ (ప్యాడ్ చెవి చుట్టూ సందు లేకుండా ఆనడం) సరిగ్గా లేదు. ఎల్‌సీడీ-ఎక్స్ ప్యాడ్లలో మందంగా ఉన్న వైపు చెవి వెనక్కి రావాలి. హెచ్‌డీ 800 ఎస్ కప్పు పెద్దది కాబట్టి చెవి దానిలో ముందుకీ వెనక్కీ జరుగుతుంది, ఆ జరుగుడుకి ట్రెబుల్ మారుతుంది. ఎక్కడ బాగుందో చూసి ప్రతిసారీ అక్కడే పెట్టుకోండి. నిత్యం కళ్లజోడుతోనే వినేవాళ్లు మాత్రం చివర్లో ఒకసారి జోడుతో కూడా పోల్చాలి. మీరు బతకబోయేది ఆ శబ్దంతోనే కదా.

ఆరో మెట్టు: ఏం వినాలి

పోలిక కోసమని అమ్మే "ఆడియోఫైల్" రికార్డింగ్‌లు దేని మీదైనా బాగానే ఉంటాయి, తేడా చూపించవు. మనకి బాగా తెలిసిన శబ్దాలు కావాలి.

ట్రెబుల్‌కి శ్లోక పఠనాన్ని మించింది లేదు. దగ్గరి మైకులో ఎవరైనా సహస్రనామం లాంటిది చదివిన రికార్డింగ్ తీసుకోండి. శ, ష, స వరుసగా దొర్లుతుంటాయి. మూడూ మూడు రకాలుగా వినపడాలి. 'స' దగ్గర విజిల్ లాంటి మొన తగిలితే 6 నుంచి 8 వేల హెర్ట్జ్ ప్రాంతం లేచి ఉంది. 'శ', 'స' రెండూ ఒకేలా మెత్తబడితే అది పడిపోయి ఉంది. నా చెవికి హెచ్‌డీ 800 ఎస్ మొదటి గట్టున నిలుస్తుంది, ఎల్‌సీడీ-ఎక్స్ రెండో గట్టుకి దగ్గరగా ఉంటుంది.

తర్వాత తంబుర. ఒక్క తీగ మీటాక ఆ జుమ్మనే నాదం పైకి విచ్చుకుంటూ పోతుంది. హెచ్‌డీ 800 ఎస్‌లో ఆ విచ్చుకోవడం ఒక్కో పొరగా వినపడుతుంది, ఎల్‌సీడీ-ఎక్స్‌లో కింది 'సా' బరువుగా నిలబడి పైపొరలు కాస్త వెనక ఉంటాయి. కచేరీ హాల్లో ముందు వరుసలో కూర్చునే అలవాటున్నవాళ్లకి మొదటిది, ఇంట్లో తంబుర పక్కన కూర్చుని సాధన చేసినవాళ్లకి రెండోది నిజంగా అనిపించినా ఆశ్చర్యం లేదు.

బాస్‌కి మృదంగం ఎడమ మూత. మణికట్టుతో నొక్కుతూ సాగదీసే ఆ 'గుం' నాదం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పగలగాలి. ఇంకా లోతుకి ఇప్పటి మాస్ పాటల్లో 30, 40 హెర్ట్జ్ దగ్గర తిరిగే సింథ్ బాస్ వినండి. ఇక్కడ ఎల్‌సీడీ-ఎక్స్ తిరుగులేనిది, సీల్ బాగుంటే అడుగుదాకా తగ్గకుండా దిగుతుంది. హెచ్‌డీ 800 ఎస్‌లో ఆ స్వరం ఉందని తెలుస్తుంది, ఒంటికి తగలదు. దెబ్బ పదునుకి తీన్‌మార్ డప్పు. పుల్ల చర్మానికి తాకిన చప్పుడు, వెంటనే వచ్చే డప్పు మోత రెండూ విడివిడిగా వస్తున్నాయా, ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయా అని చూడండి. అయితే సినిమా పాట మిక్స్‌లో గట్టిగా కంప్రెస్ చేసిన డప్పు పనికిరాదు, లైవ్ రికార్డింగ్ కావాలి.

సౌండ్‌స్టేజ్, అంటే వాద్యాలు చుట్టూ ఎంత వెడల్పుగా పరుచుకున్నట్టు వినపడతాయో దాని గురించి జాగ్రత్త. మన కర్ణాటక కచేరీ రికార్డింగ్‌లలో చాలావాటిలో ఒక్కో వాద్యానికి ఒక్కో మైకు పెట్టి మధ్యలోకి కలిపేస్తారు. దాంట్లో లేని వెడల్పు ఏ హెడ్‌ఫోనూ తేలేదు. తక్కువ మైకులతో హాల్లో తీసిన ఆర్కెస్ట్రా, లేదా బైనారల్ (రెండు చెవుల చోట రెండు మైకులు పెట్టి తీసిన) రికార్డింగ్ వాడండి. హెచ్‌డీ 800 ఎస్‌లో డ్రైవర్ చెవికి ముందుగా, ఏటవాలుగా, దూరంగా ఉంటుంది. అందుకే వాద్యాలు తల బయట అర్ధవృత్తంలో పరుచుకున్నట్టు ఉంటుంది. ఆ విషయంలో దాని పేరు నిలబడుతుంది.

ఏడో మెట్టు: మార్చి మార్చి వినడం

శబ్దపు సూక్ష్మ వివరాలు మనకి కొన్ని సెకన్లే గుర్తుంటాయి. నిన్న విన్నదానితో ఇవాళ్టిది పోల్చలేం. పాటలో పదిహేను, ఇరవై సెకన్ల ముక్క ఎంచుకుని లూప్‌లో పెట్టి, దాన్నే రెండింటిలో వినండి. ఒక్కోసారి ఒక్కటే ప్రశ్న: ఈసారి 'స' మాత్రమే, వచ్చేసారి ఎడమ మూత మాత్రమే. కాగితం మీద ఒక్క ముక్క రాయండి. "అద్భుతం" అని కాదు, "రెండో చరణంలో వయొలిన్ గొంతు కంటే ముందుకొచ్చింది" అని.

వరుస మార్చడం మరవొద్దు. ఎల్‌సీడీ-ఎక్స్ కాసేపు విని హెచ్‌డీ 800 ఎస్ పెట్టుకుంటే పల్చగా, కరుగ్గా ఉంటుంది. అటు నుంచి ఇటు వస్తే ఎల్‌సీడీ-ఎక్స్ మీద దుప్పటి కప్పినట్టు ఉంటుంది. చెవి ముందు విన్నదాన్నే కొలబద్దగా పెట్టుకుంటుంది, కొన్ని నిమిషాల్లో కొత్తదానికి అలవాటుపడుతుంది. కాబట్టి రెండు వరుసల్లోనూ నిలబడిన తేడానే రాసి ఉంచండి, ఒక్క వరుసలోనే కనిపించింది కొట్టేయండి.

కళ్లు మూసుకుని ఎవరితోనైనా మార్పించినా 612 గ్రాములు, 330 గ్రాములు నెత్తికి తెలిసిపోతాయి కాబట్టి హెడ్‌ఫోన్లలో పూర్తి బ్లైండ్ టెస్ట్ (ఏది వింటున్నామో తెలియకుండా పోల్చడం) ఇంట్లో కుదరదు. హార్మన్ ఆడియో కంపెనీలో పరిశోధన చేసిన షాన్ ఆలివ్ బృందం దీనికి ఒకే హెడ్‌ఫోన్‌ను ఈక్వలైజర్‌తో మిగతావాటిలా వినిపించేలా చేసి శ్రోతలతో పరీక్షలు జరిపింది. మనం దాంట్లో సగం చేయొచ్చు.

ఎనిమిదో మెట్టు: ఈక్వలైజర్‌తో విడదీయడం

విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అనే ప్రోగ్రామ్ ఉచితం. హెచ్‌డీ 800 ఎస్‌కి 100 హెర్ట్జ్ కింద 5 డెసిబెల్స్ షెల్ఫ్ వేసి (అంటే ఆ కింది స్వరాలన్నిటినీ ఒకేలా అంత పెంచి), 6 వేల దగ్గర 2, 3 తగ్గించండి. ఎల్‌సీడీ-ఎక్స్‌కి 3,500, 4,000 ప్రాంతంలో 3 పెంచండి, ఆడవాళ్ల గొంతు, వయొలిన్ ముందుకొస్తాయి. ఎంత పెంచారో అంత అదే ప్రోగ్రామ్‌లోని ప్రీయాంప్ అనే సెట్టింగ్‌లో తగ్గించాలి, లేకపోతే శబ్దం చీలుతుంది. వాల్యూమ్ మళ్లీ కొలిచి సమానం చేయండి. చాలామంది ఇక్కడే ఆ పని వదిలేస్తారు.

ఇప్పుడు మళ్లీ వినండి. ముందు రాసుకున్న తేడాల్లో చాలావరకు కరిగిపోతాయి. అవి ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ (ఏ స్వరం ఎంత గట్టిగా వస్తుందనే) తేడాలు, సాఫ్ట్‌వేర్‌తో ఉచితంగా సరిచేసుకోగలిగినవి. వాటికోసం రెండో హెడ్‌ఫోన్ కొనక్కర్లేదు. మిగిలిపోయేవి ఈ జంటలో నా లెక్క ప్రకారం రెండే: హెచ్‌డీ 800 ఎస్ వెడల్పు ఎల్‌సీడీ-ఎక్స్‌కి రాదు, బాస్ పెంచి గట్టిగా విన్నప్పుడు ఎల్‌సీడీ-ఎక్స్ చూపే నిబ్బరం హెచ్‌డీ 800 ఎస్‌కి రాదు. డబ్బు పెట్టాల్సింది వీటిలో మీకు కావలసినదానికి.

తొమ్మిదో మెట్టు: బరువు, వేడి

ఒక్కోటి తలకి పెట్టుకుని రెండు గంటలు మామూలుగా ఆఫీసు పని చేసుకోండి. ఎల్‌సీడీ-ఎక్స్ మొదటి పావుగంట ఏమీ అనిపించదు, ఆ తర్వాత మెడ గుర్తొస్తుంది. దాని తోలు ప్యాడ్ల కింద మే నెలలో చెమట పడుతుంది. హెచ్‌డీ 800 ఎస్ మైక్రోఫైబర్ ప్యాడ్లు ఆ విషయంలో హాయి, కానీ దుమ్ము పడితే శుభ్రం చేయడం కష్టం. రెండూ శబ్దాన్ని బయటికి వదులుతాయి, పక్కన నిద్రపోయేవాళ్లుంటే రెండూ వద్దు.

షాపులో అరగంటే దొరికితే

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డెమో పెట్టే చోట పైవన్నీ చేయనివ్వరు. కనీసం ఇవి చేయండి: మీ ఫోన్‌లో ఆ ఫిల్టర్ చేసిన నాయిస్, శ్లోకం, మోనో పాట, డప్పు ముక్క ముందే పెట్టుకుని వెళ్లండి. ఒకే యాంప్ అడగండి. నాయిస్ పెట్టి రెండింటినీ చెవితోనే సమానం చేసుకోండి, చెరోసారి పెట్టుకుంటూ తేడా తెలియనంతవరకు నాబ్ సర్దితే ఒక డెసిబెల్ దగ్గరికి వస్తారు. సేల్స్ అబ్బాయి నాబ్ ముట్టుకోకుండా చూసుకోండి, అతని ఉద్దేశం మంచిదే అయినా సరే. ఒక్కోటి పది నిమిషాలు విన్నాక, బిల్లు రాయించే ముందు, మొదట విన్నదాన్ని ఇంకోసారి పెట్టుకుని అవే ముక్కలు వినండి.